"మిగతా నలుపు ఎక్కడికి పోయింది?" అని అడిగిన పిల్లాడికి ఏం చెప్పాలి

ప్రశ్న: నమస్తే అండి. మా బాబుకి ఏడేళ్ళు. మొన్న కంటి డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే చుక్కలు వేసి చూశారు. ఇంటికొచ్చాక అద్దంలో చూసుకుని ఒకటే ఏడుపు, "నా కంట్లో నల్లబిళ్ళ పెద్దదైపోయింది, ఇంకా పెరిగితే పగిలిపోతుందా" అని. మర్నాటికి మామూలైపోయింది, "చూశావా, చిన్నదైపోయింది" అన్నాను. అప్పట్నుంచి ఇంకో ప్రశ్న పట్టుకున్నాడు, "మరి మిగతా నలుపు ఎక్కడికి పోయింది?" అని. "లోపలికి పోయింది నాన్నా" అని ఏదో చెప్పి తప్పించుకున్నాను కానీ నాకే నచ్చలేదు. చిన్నపిల్లాడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? – ఒక అమ్మ

సమాధానం: ముందు మీ వాడిని దగ్గరికి తీసుకుని ఒక ముద్దు పెట్టండి. నేను చాలా ఏళ్ళుగా పిల్లలకి సైన్స్ చెప్తున్నాను, కన్ను పాఠం వచ్చినప్పుడల్లా బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే టకటకా గుర్తించేస్తారు, కానీ "మిగతా నలుపు ఏమైంది" అని అడిగిన పిల్లలు మాత్రం ఇప్పటిదాకా నాకు తగల్లేదు. అసలు విషయమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది అండి. మన పెద్దవాళ్ళు చేసే పొరపాటు కూడా అక్కడే ఉంది, "కనుపాప అనేది కంట్లో నల్లటి భాగం, అది పెద్దదవుతుంది చిన్నదవుతుంది" అని చెప్పేస్తాం, వాడు దాన్నొక నల్లపూసలా ఊహించుకుంటాడు, పూస చిన్నదైతే మిగిలిన ముక్క ఏమైందని అడగడం వాడి తప్పెలా అవుతుంది?

అందుకని మొట్టమొదట చెప్పాల్సింది, కంట్లో అసలు నల్లబిళ్ళ అంటూ ఏదీ లేదు. అది బెజ్జం. సూదికి బెజ్జం ఉన్నట్టు, గుండీకి కంతలు ఉన్నట్టు, కంట్లో రంగుగా కనిపించే గుండ్రటి చక్రం ఉంటుంది కదా, దాని మధ్యలో ఒక కంత ఉంది, ఆ కంతనే కనుపాప అంటాం. చుట్టూ ఉన్న రంగు చక్రం పేరు ఐరిస్. కంత పెద్దదైతే ఏదీ పెరిగినట్టు కాదు, చిన్నదైతే ఏదీ ఎక్కడికో పోయినట్టు కాదు. తలుపు సగం మూస్తే గుమ్మంలో ఖాళీ ఎటు పోయిందని ఎవరం వెతకం కదా, ఇదీ అంతే.

కానీ ఇది నోటి మాటగా చెప్తే ఏడేళ్ళ పిల్లాడు నమ్మడు, నన్నడిగితే నమ్మకపోవడమే మంచిది. "కంత అయితే మరి నల్లగా ఎందుకుంది" అంటాడు. దానికొక పని చేయండి. ఖాళీ బూట్ల డబ్బా ఒకటి తీసుకుని లోపల అన్ని వైపులా తెల్లకాగితం అంటించండి, మీరు కాదు, వాడి చేత అంటించండి, ఎందుకంటే లోపల ఉన్నది తెలుపే అని వాడి చేతులకి తెలియాలి. మూతకి పెన్సిల్ దూరేంత చిల్లు పెట్టి మూసేయండి. ఇప్పుడు నాలుగడుగులు వెనక్కి జరిగి ఆ చిల్లు ఏ రంగులో ఉందో చెప్పమనండి. నల్లగా ఉంటుంది. మూత తీస్తే లోపలంతా తెలుపు, మూత పెడితే చిల్లు నలుపు. నాలుగైదు సార్లు తీసి పెట్టి చూసుకుంటాడు, చూసుకోనివ్వండి, మీరేమీ మాట్లాడకండి, ఆ కాసేపట్లో వాడి బుర్రలో జరిగేది మన లెక్చర్ కన్నా ఎక్కువ.

తర్వాత చెప్పండి. చిల్లులోంచి లోపలికి దూరిన వెలుతురు లోపల గోడలకి తగిలి అటూ ఇటూ చెదిరిపోతుంది, మళ్ళీ అదే చిల్లు వెతుక్కుని బయటికి వచ్చేది చాలా కొంచెం, బయటికి వచ్చి మన కంటిని చేరితేనే కదా మనకి కనపడేది, రాకపోతే అక్కడ నలుపే. పగలు బయట నిలబడి చూస్తే తెరిచిన కిటికీ చీకటిగా కనిపించేది కూడా ఇందుకే, లోపల కూర్చున్నవాళ్ళు హాయిగా పేపర్ చదువుకునేంత వెలుతురు ఉన్నా సరే.

మన కంటి లోపల గోడ నిజానికి నల్లగా ఉండదు, ఎర్రగా నారింజ రంగులో ఉంటుంది, అక్కడ రక్తనాళాలు అన్ని ఉన్నాయి మరి. రాత్రిపూట ఫ్లాష్ వేసి తీసిన ఫోటోల్లో కళ్ళు ఎర్రగా వెలుగుతాయి చూడండి, అది ఆ గోడే. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి లోపలికెళ్ళిన వెలుతురు వెనక్కి తిరిగి నేరుగా కెమెరాలోకే వచ్చేస్తుంది. మామూలుగా మనం ఒకరి కంట్లోకి తొంగి చూడాలంటే, వెలుతురు ఎటునుంచి వెళ్ళాలో సరిగ్గా అక్కడే మన తల అడ్డం ఉంటుంది, అందుకే ఎంత దగ్గరికెళ్ళి చూసినా నలుపే. ఈ చిక్కుని విప్పింది హెల్మ్‌హోల్ట్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త, వెలుతురూ చూపూ ఒకే దారిలో వెళ్ళేలా చిన్న పరికరం చేసి 1851లో ప్రకటించాడు, బతికున్న మనిషి కంటి వెనక గోడని డాక్టర్లు శుభ్రంగా చూడగలిగింది ఆ తర్వాతే. మీ డాక్టర్ గారు మీ వాడి కంటికి దగ్గరగా పెట్టి చూసిన లైటు పరికరం ఆ కుటుంబంలోదే.

ఇక ఆ కంత ఎలా కదులుతుంది అన్నది. ఐరిస్‌లో రెండు రకాల కండరాలు ఉన్నాయి. ఒకటి కంత చుట్టూ ఉంగరంలా ఉంటుంది, అది బిగిస్తే కంత చిన్నదవుతుంది, బొందు లాగితే సంచి మూతి ముడుచుకున్నట్టు. రెండోది కంత దగ్గర్నుంచి బయటివైపుకి సైకిల్ చక్రంలో ఊచల్లా ఉంటుంది, అది లాగితే కంత విచ్చుకుంటుంది. బొందు సంచి మీ వాడి చేతికి ఇచ్చి ఆడుకోమనండి, సరిపోతుంది. ఒక్క తేడా ఏంటంటే సంచి గుడ్డ కుచ్చిళ్ళు పడుతుంది, ఐరిస్ మాత్రం సాగి కంత మీదికి జరుగుతుంది. కాబట్టి "మిగతా నలుపు ఎక్కడికి పోయింది" అన్నదానికి సరైన జవాబు, ఎక్కడికీ పోలేదు నాన్నా, రంగు చక్రం దాని మీదికి జరిగొచ్చింది, అంతే.

ఇప్పుడు అద్దం తీసుకోండి, ఇది ఇద్దరూ కలిసి చేయాల్సిన పని. పగటిపూట కిటికీ పక్కన కూర్చోపెట్టండి, వెలుతురు ఎదురుగా కాకుండా పక్క నుంచి పడాలి, కళ్ళు ముదురు రంగువి అయితే కంత అంచు సరిగ్గా తెలియదు, పక్క వెలుతురులో బాగా తెలుస్తుంది. రెండు కళ్ళూ అరచేతులతో మూసుకుని, నొక్కకుండా, ఇరవై అంకెలు లెక్కపెట్టమనండి. చేతులు తీసీ తీయగానే అద్దంలో చూడాలి. పెద్దగా ఉన్న కంత చుట్టూ అంచుల్లోంచి మూసుకుంటూ వచ్చి టక్కున ఆగుతుంది, ఆగాక కూడా ఊరికే ఉండదు, సన్నగా వణుకుతున్నట్టు కొంచెం పెద్దది కొంచెం చిన్నది అవుతూనే ఉంటుంది. వెలుతురు పడ్డాక సెకనులో ఐదో వంతులోనే కదలిక మొదలైపోతుంది కాబట్టి మొదటిసారి వాడు పట్టుకోలేడు, రెండోసారీ తప్పిపోవచ్చు, విసుక్కోకుండా మళ్ళీ చేయించండి లేదా ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా నడిపి చూపించండి.

అది చూశాక అసలు గమ్మత్తు చూపించండి. ఒక కన్ను మాత్రమే అరచేత్తో మూసి, తెరిచి ఉన్న రెండో కంటిని అద్దంలో చూస్తూ ఉండమనండి. మూసిన కంటి మీద చెయ్యి తీసేయగానే, తెరిచి ఉన్న కంట్లో కంత కూడా చిన్నదవుతుంది. దాని మీద పడే వెలుతురు మారనే లేదు కదా, అదెందుకు కదిలింది? ఎందుకంటే ఏ కంటికి వెలుతురు తగిలినా కబురు నరం ద్వారా మెదడు నడిమి భాగానికి వెళ్తుంది, అక్కడ్నుంచి ఆర్డర్ మాత్రం రెండు కళ్ళకీ ఒకేసారి వస్తుంది. డాక్టర్లు ఒక కంట్లో టార్చ్ వేసి రెండో కంటిని చూసేది ఇందుకే, కబురు వెళ్ళే దారీ ఆర్డర్ వచ్చే దారీ రెండూ బాగున్నాయా లేదా అని అలా తెలుస్తుంది. ఇదంతా మనం ఆపాలన్నా ఆగదు, చేయాలన్నా చేయలేం. "నీ కనుపాపని నువ్వే చిన్నది చేయి చూద్దాం" అని మీ వాడికి పందెం పెట్టండి, వాడు మొహం ఎన్ని వంకర్లు తిప్పినా వెలుతురు మారకుండా అది మాట వినదు. (ముక్కు దగ్గరికి వేలు తెచ్చి దాన్ని చూస్తే మాత్రం చిన్నదవుతుంది, వాడు కనిపెడితే ఓడిపోయానని ఒప్పుకోండి. దగ్గరివి చూసేటప్పుడు రెండు కళ్ళూ లోపలికి తిరగడం, లోపలి లెన్స్ ఉబ్బడం, కంత ముడుచుకోవడం మూడూ కలిసే జరుగుతాయి.)

సైజు సంగతి కూడా చెప్పాలి. బాగా ఎండలో కంత వెడల్పు దాదాపు 2 మిల్లీమీటర్లు, అంటే ఆవగింజంత, చిక్కటి చీకట్లో చిన్న వయసువాళ్ళకి 8 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది, చొక్కా గుండీ కన్నా కాస్త తక్కువ. వెడల్పు నాలుగు రెట్లు అంటే లోపలికి వెళ్ళే వెలుతురు పదహారు రెట్లు, గళ్ళ కాగితం మీద రెండు గుండ్రాలు గీసి గళ్ళు లెక్కపెట్టిస్తే వాడికే తెలుస్తుంది. వయసు పెరిగే కొద్దీ ఇది చీకట్లో కూడా అంతగా విచ్చుకోదు, పెద్దవాళ్ళు "లైటు వెయ్యండ్రా, కనపడట్లేదు" అనేది చాదస్తం కాదు, వాళ్ళ కంట్లోకి నిజంగానే తక్కువ వెలుతురు వెళ్తుంది.

ఇక్కడ ఒక మాట, దీన్ని చాలామంది తప్పు చెప్తారు, మీరు మాత్రం చెప్పొద్దు. సినిమా హాల్లోకి లేటుగా వెళ్తే సీట్లు కనపడవు, కాసేపటికి కనపడతాయి, దానికి కారణం కనుపాప నెమ్మదిగా తెరుచుకోవడమే అంటారు. కాదండి. కనుపాప కొన్ని సెకన్లలోనే చాలా వరకు తెరుచుకుంటుంది. పైగా నక్షత్రాల వెలుతురుకీ మిట్టమధ్యాహ్నం ఎండకీ తేడా కోట్ల రెట్లు, కంత సర్దగలిగేది పదహారు రెట్లే, మిగతాదంతా ఎవరు సర్దుతారు? కంటి వెనక గోడ మీద పరుచుకుని ఉండే రెటీనా. అందులో మసక వెలుతురులో పనిచేసే కణాలు ఒక్కో కంటికి దాదాపు 12 కోట్లు, రంగులు చూసేవి 60 లక్షలు. ఎండలో ఉన్నప్పుడు ఆ మసక వెలుతురు కణాల్లో ఉండే రంగు పదార్థం విరిగిపోతుంది, చీకట్లోకి వచ్చాక అది మళ్ళీ తయారవ్వాలి, దానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. రాత్రి ఇంట్లో మీరే చేసి చూడొచ్చు, లైటు వెలుగుతుండగా ఒక కంటికి గుడ్డ కట్టి పది నిమిషాలు కబుర్లు చెప్పుకోండి, తర్వాత లైటు ఆర్పి ఒక్కో కంటితో గది చూడండి, కట్టి ఉంచిన కన్ను మంచం అంచులు కుర్చీ కాళ్ళు అన్నీ చెప్పేస్తుంది, రెండో కన్ను ఏమీ చెప్పలేదు. పిల్లలకి ఇది భలే నచ్చుతుంది, నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

మరి కంత ఎందుకు అంటే, రెటీనా సర్దుకునే లోపు కళ్ళు జిగేల్మనకుండా అప్పటికప్పుడు కాసే పని దానిదే, ఇంకోటి చూపు స్పష్టంగా ఉండడం. కంత చిన్నదైతే బొమ్మ అలుక్కుపోకుండా పడుతుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళని జోడు తీసేసి, అట్టముక్కకి గుండుసూదితో పెట్టిన చిల్లులోంచి అక్షరాలు చూడమనండి, అంతకుముందు అలుక్కుపోయిన అక్షరాలు చాలా వరకు తేటపడతాయి.

వెలుతురుతో సంబంధం లేకుండా కూడా ఇది మారుతుంది. భయం వేసినా, ఇష్టమైనది కనపడినా, గట్టిగా ఆలోచించినా విచ్చుకుంటుంది. ఎకార్డ్ హెస్, జేమ్స్ పోల్ట్ అనే ఇద్దరు 1964లో మనుషులకి నోటిలెక్కలు ఇచ్చి కళ్ళని ఫోటోలు తీశారు, గుణకారం కష్టమయ్యే కొద్దీ కనుపాప పెద్దదవుతూ వచ్చి జవాబు చెప్పేశాక మళ్ళీ తగ్గిపోయింది. మీ వాడిని మీ కంట్లోకి చూస్తూ ఉండమని మీరు మనసులో పదిహేడు పదమూళ్ళు చేయండి. మార్పు చాలా చిన్నది కాబట్టి ఉత్త కంటికి దొరక్కపోవచ్చు, ఫోన్ వీడియో ఉంటే నయం.

జంతువుల గురించి అడుగుతాడు, ఖాయం. పిల్లి కంత ఎండలో నిలువు గీతలా అయిపోతుంది, గుండ్రటి కంత కన్నా గీత లాంటి కంతని ఇంకా గట్టిగా మూయొచ్చు, 2015లో వచ్చిన ఒక పరిశోధనలో మనకి పదిహేను రెట్లు మారేది పెంపుడు పిల్లికి 135 రెట్లు మారుతుందని లెక్క వేశారు. మేకకి అడ్డంగా ఉంటుంది, తల వంచి గడ్డి మేస్తున్నా ఆ గీత నేలకి సమాంతరంగానే ఉండేలా కళ్ళు గుండ్రంగా తిప్పుకుంటుంది, తల దించుకునే చుట్టూ కాపు కాయాలి కదా పాపం.

ఇప్పుడు వాడిని ఏడిపించిన చుక్కల సంగతి. ఆ మందు ఉంగరం కండరాన్ని కాసేపు నిద్రపుచ్చుతుంది, ఊచల కండరం ఒక్కటే లాగుతూ ఉంటుంది కాబట్టి కంత పూర్తిగా విచ్చుకుని ఎండకి కూడా మూసుకోదు. డాక్టర్ గారికి లోపలి గోడ అంచులదాకా కనపడాలంటే కిటికీ బార్లా తెరవాల్సిందే. మందుని బట్టి కొన్ని గంటలు, కొన్నిటికి ఒక రోజు, అట్రోపిన్ అయితే వారం పైన కూడా ఉంటుంది, ఎన్నాళ్ళు ఉంటుందో వేసేటప్పుడే అడిగి పిల్లాడికి ముందే చెప్పేయండి, సగం భయం అక్కడే పోతుంది. లెన్స్‌ని మార్చే కండరం కూడా నిద్రపోతుంది కాబట్టి దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, ఆ పూట హోంవర్క్ అడగొద్దు, బయటికెళ్తే టోపీ పెట్టండి. పగిలిపోతుందా అంటే, పగలడానికి అక్కడ ఏమీ లేదు నాన్నా, కంత పగలదు అని చెప్పండి.

మీకు మాత్రమే కొన్ని మాటలు. ఇద్దరు పిల్లలుంటే ఈ ఆటలు చూసి ఒకరి కళ్ళలో ఒకరు టార్చ్ కొట్టుకుంటారు, లేజర్ లైటు తెస్తారు, సూర్యుణ్ణి చూస్తారు, అవి ముందే గట్టిగా వద్దని చెప్పండి, రెటీనాకి నొప్పి తెలియదు, కాలిపోతున్నా కన్ను అరవదు. గ్రహణం రోజు ఇంకా ప్రమాదం, చుట్టూ మసకగా ఉంటుంది కాబట్టి కంత విచ్చుకుంటుంది, మిగిలిన సన్నటి సూర్యుడు మాత్రం అంతే వేడిగా లోపల పడతాడు. రెండు కనుపాపల్లో కొద్దిపాటి తేడా ఐదుగురిలో ఒకరికి దాకా మామూలుగానే ఉంటుంది, అది మొదట్నుంచీ ఉన్నదైతే ఖంగారు వద్దు. కానీ తలకి దెబ్బ తగిలాక ఒకటి పెద్దదైనా, రెప్ప వాలిపోయినా, వాంతులు మగతా ఉన్నా ఆ నిమిషమే ఆసుపత్రికి వెళ్ళండి. ఉమ్మెత్త మొక్క పిసికిన చేత్తో కన్ను నులుముకున్నా ఒక కనుపాప పెద్దదైపోతుంది, డాక్టర్‌కి ఆ సంగతి చెప్పాలి. ఫ్లాష్ ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా మెరుస్తుంటే, పదే పదే అలాగే వస్తుంటే, ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్‌కి చూపించండి, ఎక్కువసార్లు ఏమీ ఉండకపోవచ్చు, కానీ పసిపిల్లల్లో వచ్చే కంటి గడ్డ ఒక్కోసారి మొదట కనపడేది అలాగే.

చివరికి ఒక పని మిగిలింది, దీన్ని పేరు చెప్పకుండా చేయించండి. కిటికీ దగ్గర మీరిద్దరూ ముక్కులు తగిలేంత దగ్గరగా కూర్చుని, మీ కంటి నడుమ ఆ నల్లటి కంతలో ఏం కనిపిస్తుందో చెప్పమనండి. చిన్న పిల్లాడు కనిపిస్తాడు, వాడే. మనం కనుపాప అంటాం, సంస్కృతంలో కనీనిక అంటారు, ఆ మాటకి చిన్నపిల్ల అని కూడా అర్థం, లాటిన్‌లో దీని పేరుకి చిన్న బొమ్మ అని అర్థం. ఎక్కడెక్కడో వేరే వేరే భాషల్లో మనుషులు ఒకరి కళ్ళలోకి ఒకరు ఇంత దగ్గరగా చూసుకుని ఒకే పేరు పెట్టారు. ఆ బొమ్మ కంత లోపల ఉండదు, కంటి ముందుండే కార్నియా అనే నున్నటి పొర అద్దంలా పనిచేయడం వల్ల పడిన నీడ అది, వెనక చీకటి ఉంది కాబట్టి తేటగా కనపడుతుంది. అలా చూస్తున్నప్పుడే ఇంకోటి అడగండి, దగ్గరి వస్తువుని చూస్తున్నారు కాబట్టి మీ కనుపాప చిన్నదవ్వాలి, ఇష్టమైనవాడిని చూస్తున్నారు కాబట్టి పెద్దదవ్వాలి, రెండిట్లో ఏది గెలిచిందో వాడినే చూసి చెప్పమనండి. ఏం చెప్పాడో నాకు రాయండి.